బాబాయ్ కారులో ఎడమ పక్క సీటు

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. నరసరావుపేటలో పళ్ళ డాక్టర్లు రోగి నోటికి అచ్చు తీసి నాకు పంపిస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు పేర్చి, చివరికి ఆ మైనం కరిగించేసి దాని చోట గట్టి అక్రిలిక్ కూరి, మెరుగు పెట్టి తిరిగి పంపటం నా పని. నా షాపుకు బోర్డు లేదు. రోగికి డాక్టరు తెలుస్తాడు గాని నేను తెలియను. మాచర్ల నుంచి సత్తెనపల్లి దాకా ఎన్ని పెళ్ళి భోజనాల్లో నా పళ్ళు వేటమాంసం నమిలాయో, ఎంతమంది ముసలమ్మల నోట్లో ఉండి కోడళ్ళను తిట్టాయో ఎవరికీ తెలియదు. ఆ గొప్ప నేనే అప్పుడప్పుడు మా ఆవిడకు చెబుతుంటాను. ఆమె వింటూనే నిద్రపోతుంది.

నాకు కోపం ఎక్కువ. ఇది దాచేది కాదు, బజారు మొత్తానికి తెలుసు. కాకపోతే నా చేతులకు కోపం రాదు. నోరు తిడుతున్నా చేతులు మాత్రం వాటి మానాన అవి పని చేసుకుపోతుంటాయి. ఈ కారు సంగతి మొదలైంది కూడా నా కోపం వల్లే.

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల బాబాయ్ ఉంటాడు. నిజానికి వరసకు ఏమీ కాడు. వాళ్ళు సాయిబులు, మేము కాదు. మా బజారులో వరసలు పుట్టుకతో రావు, పక్కపక్కన ఉంటే వస్తాయి. ఆయన కుర్రతనంలో మాచర్లలో మెకానిక్. తరవాత పేటకు వచ్చి షెడ్డు పెట్టాడు. ఆయన చేతిలో బాగుపడని జీపు లేదు, ట్రాక్టరు లేదు. ఇప్పుడా షెడ్డులో ఆయన కొడుకు మోటారు సైకిళ్ళు చూస్తున్నాడు. బాబాయ్ కళ్ళను షుగరు తినేసింది. వెలుగు ఉందో లేదో తెలుస్తుంది, అంతే. చూపు పోయిన కొత్తలో కూడా రోజూ షెడ్డుకు వెళ్ళి, స్టూలు మీద కూర్చొని, ఇంజను శబ్దం విని కొడుక్కి జబ్బు చెప్పేవాడు. పోను పోను అది మానేశాడు. అరుగు మీద కూర్చోవటం, పిలిస్తే పలకటం, అంతవరకే.

ఆయన పళ్ళ సెట్టు నా దగ్గరికే వచ్చింది. మామూలుగా మైనంలో పేర్చిన సెట్టును ముందు డాక్టరే రోగి నోట్లో పెట్టి చూస్తాడు. బాబాయ్ కదా అని ఆ రోజు నేను కూడా వెళ్ళాను. నోట్లో పెట్టగానే నాలుకతో ఒక చుట్టు తిప్పి, "ఎడమ పక్క కింది దవడ, ఎనకమాల పన్ను రవ్వంత ఎత్తుగా ఉందిరా అబ్బాయ్" అన్నాడు. కొలిచి చూస్తే నిజంగానే రవ్వంత ఎత్తు. డాక్టరు నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, ఆ వెంటనే ముచ్చటా వేసింది. పని తెలిసిన మనిషి తప్పు పడితే ఆ సంతోషం వేరు.

ఇక ఆయన కారు సంగతి. బాబాయ్ ఈ కథ మా అందరికీ ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు మాచర్లలో ఒక పత్తి మిల్లు షెడ్డులో దొరల కాలం నాటి కారు ఒకటి పడి ఉండేదట. లోపల పిచ్చుకలు గూళ్ళు పెట్టుకున్నాయి. మిల్లు వాళ్ళు దాన్ని తీసుకుపొమ్మని ఈయనకు ఇచ్చేశారు. అప్పుడే సాగర్ డ్యాము కట్టటం అయిపోయి, పని చేసిన లారీలు తుక్కుకు వెళుతున్నాయి. ఒక లారీ ఇంజను తెచ్చి కారులో దించాడు. అది పట్టక బానెట్టు మూత పడలేదు, మూత తీసి పారేశాడు. మడ్‌గార్డులు తుప్పు పట్టి ఉంటే అవీ పీకేశాడు. టాపు మోసే స్తంభాలు కోసి, టాపును కిందికి దించి మళ్ళీ అతికించాడు. పొగ గొట్టాలు రెండు పక్కలా బయటికే. ముందు చక్రాలు కారువి, వెనక చక్రాలు జీపువి. దాని మీద గేట్లకు పూసే ఎర్ర రెడ్ ఆక్సైడు పూసి, మాచర్ల నుంచి కారంపూడికి వెళుతుంటే ఆ మోత విని దారి పొడుగునా గొడ్లు తాళ్ళు తెంపుకునేవట. ఒక ఏడాది తిప్పాడు. తరవాత ఇంజను వెల్దుర్తిలో ఒక రైతు బావి మీద నీళ్ళు తోడటానికి పోయింది. బాడీ కోళ్ళ గూడైంది. ఆ తరవాతే ఆయనకు పెళ్ళయింది.

ఫొటో లేదు. చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పోనీ ఆయన భార్యను అడుగుదామా అంటే, పిన్నిది పుట్టిల్లు కారంపూడే. ఆ మోత ఆ ఊళ్ళో వినపడి ఉండాలి. కారు మాట ఎత్తితే చాలు ఆమె మొహం పక్కకు తిప్పుకొని, "నాకు తెలవదయ్యా, నేను చూళ్ళా" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఎన్నేళ్ళు అడిగినా అదే మాట.

మా బజారు చివర టీ కొట్టు ఉంది. ఒక రోజు అక్కడ బాబాయ్‌ని ఆటపట్టిస్తున్నారు. "బాబాయ్, మొన్న ఆకాశంలో విమానం పోతా ఉంటే నీ కారేమో అనుకున్నా" అన్నాడు కొట్టు ఆయన. బాబాయ్ కొడుకు కూడా పక్కనే ఉండి నవ్వాడు. బాబాయ్ ఎప్పుడూ తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఆ రోజు మాత్రం టీ గ్లాసు చేత్తో తడిమి బల్ల మీద పెట్టి, "పోనీలేరా, లేదనే అనుకోండి" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. కళ్ళు పోయిన మనిషికి మిగిలిందే లోపల కనపడేది. దాన్ని కూడా లేదనుకోమంటే ఇంక ఆయనకు ఏం మిగులుతుంది?

నేను లేచి నిలబడి కేకలేశాను. ఏమన్నానో సరిగ్గా గుర్తు లేదు గాని, చివరిమాట గుర్తుంది. "ఆ కారు ఉంది. నేను చేసి చూపిస్తా, అప్పుడు చూసుకోండి మీ నోళ్ళు." ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ, "గ్యాస్ పొయ్యి బర్నరు ఆరు నెలల్నించి ఎక్కిరిస్తా ఉంది, దాన్ని చూడరు గాని కారు చేస్తారంటండీ" అంది. ఆమె ఇస్కూలు పంతులమ్మ. ఎవరినీ ఊరికే వదలదు.

కారు నేను పుట్టక ముందుది. దాని పోలికైనా తెలియాలి గదా అని ఫోన్లో వెతికితే అమెరికాలో ఇలాంటివి బోలెడు ఉన్నాయని తేలింది. పాత కారుకు మడ్‌గార్డులు పీకి, టాపు కోసి, పెద్ద ఇంజను దించి, దానికి హాట్ రాడ్ అని పేరు పెట్టి, తిరునాళ్ళకు తీసుకొచ్చినట్టు వరసగా నిలబెట్టి చూసుకుంటున్నారు. నేను ఆ సంగతి బాబాయ్‌కి చెబితే పొంగిపోతాడనుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అయితే వాళ్ళకు కూడా మడ్‌గార్డులు తుప్పు పట్టినయ్యా?" అన్నాడు.

అసలు కారులో పదో వంతు సైజులో బొమ్మ చేద్దామనుకున్నాం. జానెడున్నర పొడుగు వస్తుంది. నా పద్ధతి నాకు ఒక్కటే తెలుసు. ఏదైనా ముందు మైనంలో చెయ్యాలి, పెట్టుకునేవాడికి పెట్టి చూడాలి, ఆయన ఊఁ అన్నాకే గట్టిది చెయ్యాలి. ఇక్కడ పెట్టుకునేవాడు బాబాయ్, నోటికి బదులు వేళ్ళు. అందుకని ప్రతి ముక్కా మైనంలో చేసి, పొద్దున్నే షాపుకు వెళ్ళేముందు ఆయన అరుగు మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన చేతులు కడుక్కొని, తువ్వాలుతో తుడుచుకొని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకొని, అందులో ముక్క పెట్టించుకొని తడిమేవాడు. "ఈ రాడ్డు ఇంత లావు లేదు." "ఇక్కడ నట్టు ఉండాల." "ఈ అంచు నేను సుత్తితో కొట్టా, ఇంత నున్నగా లేదు."

ఆ నున్నదనం దగ్గరే మాకు మొదటి గొడవ. మెరుగు పెట్టకుండా ఒక వస్తువు బయటికి పంపటం నా చేత కాదు. పన్ను గరుకుగా ఉంటే నాలుక కోసుకుపోతుంది. అందుకని ఏది చేసినా అద్దంలా చేసి తీసుకెళ్ళేవాణ్ణి. ఆయన విసుక్కునేవాడు. ఇక ముందు రేడియేటర్ జాలీ సంగతైతే చెప్పటానికే సిగ్గు. పళ్ళ క్లిప్పులు పోసే లోహంతోనే దాని పుల్లలు ఒక్కొక్కటీ పోసి, గీసి, వరసగా అమర్చాను. ఎంత బాగా వచ్చిందో అనుకుంటూ పట్టుకెళ్ళాను. ఆయన వేలు ఆ పుల్లల మీద ఒక చివర నుంచి ఇంకో చివరికి వెళ్ళింది, మళ్ళీ మధ్యకు వచ్చి ఆగింది.

"ఒరేయ్, నడాన రెండు పుల్లలు ఎడల్పుగా ఉన్నయ్యేందిరా?"

చూసుకుంటే నిజమే. నడుమ రెండు వెడల్పు, వాటి పక్కవి కాస్త సన్నం, ఆ తరవాతివి కొసలు తేలి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా పళ్ళు పేర్చిన చేతులు అడక్కుండానే వాటికి తెలిసిన వరస పేర్చేశాయి. "కారుకు పళ్ళ సెట్టు కట్టావు గదరా, అది నమల్టానికా, తోల్టానికా?" అని బాబాయ్ పొట్ట పట్టుకొని నవ్వాడు. చానా రోజుల తరవాత ఆయన అంత గట్టిగా నవ్వటం విని పిన్ని వంటింట్లోంచి తొంగి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది గాని ఆ నవ్వు కోసం ఇంకో జాలీ కూడా అలాగే పోసేవాణ్ణి.

ఇంజను నాకు బాగా కుదిరింది. క్లిప్పులు వంచే తీగతో గొట్టాలు, సిరంజి సూదితో పెట్రోలు పైపు, పన్ను అరగదీసే చిన్న బుర్రుతో ప్రతి బోల్టు తలా చెక్కాను. టైర్లు హవాయి చెప్పు రబ్బరుతో. చిన్నప్పుడు చెప్పు కోసి చక్రాలు చేసుకున్నాం గదా, ఇప్పుడు అదే చెప్పుకు అదే బుర్రుతో జీపు టైరు గాళ్ళు గీశాను. స్టీరింగు చక్రం నా రెండు వేళ్ళకు కలిపి ఉంగరంలా పట్టేది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా దాని గురించే మాట్లాడుతుంటే మా ఆవిడ, "ఆ కారును పీకల్దాకా ఇష్టపడిపోయారు, నాకు సవతి వచ్చింది" అంటూ కూర వడ్డించేది.

రెండో గొడవ టాపు దగ్గర. నేను పెట్టిన ఎత్తు ఆయనకు నచ్చలేదు. "ఇంకా దించు" అంటాడు. దించాను. "ఇంకా." మళ్ళీ దించాను. "ఇంకా దించరా." నాకు ఓపిక పోయింది. "బాబాయ్, ఇంతకన్నా దించితే తల ఎక్కడ పెట్టుకుంటావు? అద్దం సందులోంచి రోడ్డు ఏం కనపడుతుంది?"

"తల ఒంచి తోలేవాణ్ణి."

"ఎందుకంట అంత అవస్థ?"

"గాలి కొట్టకుండా" అన్నాడు. బానెట్టు మూత లేని కారు, డోరు అద్దాలు లేని కారు, అందులో గాలి కొట్టకుండా టాపు ఒక్కటి దించాడట. నేను నమ్మలేదు. దించనూ లేదు. నీ బుర్రలో కారు నీదే గాని, కొలతలు నావి అని చెప్పి మైనం బాడీ నా ఎత్తుకే ఖాయం చేశాను.

మూడోది సీటు గొడవ. ముందు వరసలో రెండు సీట్లు. కుడి పక్క తోలేవాడిది, ఎడమ పక్క ఇంకొకటి. కుడి పక్క ఏముంది బాబాయ్ అంటే చెక్క పలక అన్నాడు. దాని మీద గోనెపట్టా మడత వేసుకొని కూర్చునేవాడట. ఎడమ పక్క మాత్రం ఎర్ర రెగ్జిను, లోపల కొబ్బరి పీచు, కింద స్ప్రింగులు, పైన నిలువు గీతలుగా కుట్టు, అంచుకు పైపింగు. అదంతా నిమిషం ఆగకుండా చెప్పాడు. అప్పటికి కారులో ఏ ముక్క గురించీ ఆయన అంత వివరంగా చెప్పలేదు.

"ఆ సీట్లో ఎవరు కూర్చునేవాళ్ళు?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే తిరిగా."

"మరి తోలేవాడికి చెక్క, ఖాళీ సీటుకు కుషనా? ఇదేం లెక్క బాబాయ్?"

ఆయన పళ్ళెంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. మొదటిసారి నాకు అనుమానం వచ్చింది ఆ రోజే. తోలేవాడు చెక్క మీద, ఎవరూ లేని చోట కుషను. తల దూరనంత కిందికి టాపు. గాలి కొట్టకుండానట. బజారు వాళ్ళు అన్నది నిజమేమో, ఈయన అరుగు మీద కూర్చొని కాస్త కాస్త కల్పించుకుంటూ పోతున్నాడేమో, నేను లేని కారుకు బోల్టులు చెక్కుతున్నానేమో. ఆ రోజు షాపులో ఒక ముసలాయన పళ్ళ సెట్టు చేస్తూ ఆ పళ్ళ మీద కూడా విసుక్కున్నాను. అయినా ఒప్పుకున్న పని ఒప్పుకున్నదే అనుకొని ఇంటికి వచ్చాను.

అప్పుడే ఎండలు ముదిరాయి. పల్నాడు ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది, మధ్యాహ్నం పూట కాకి కూడా బస్టాండు నీడ వదిలి రాదు. బాడీ మొత్తం మైనంలో పూర్తయిన రోజు, షాపులో దాన్ని పెద్ద రేకు డబ్బాలో పెట్టి స్కూటరు ముందు తగిలించుకొని బయల్దేరాను. దారిలో డాక్టరు దగ్గర ఒక సెట్టు ఇచ్చిపోదామని ఆగాను. అక్కడ రోగి ఒకాయన తన పళ్ళు పసుపుగా ఉన్నాయని, ఇంకా తెల్లగా కావాలని పేచీ. డెబ్బై ఏళ్ళ మనిషికి పాలపళ్ళ తెలుపు ఎట్టా ఇస్తారని నేను, డబ్బులు నావి గదా అని ఆయన. అరిచి అరిచి గొంతు పోయాక బయటికి వచ్చాను. స్కూటరు ఎండలో ఉంది. డబ్బా పట్టుకుంటే చేతులు కాలాయి.

పళ్ళ మైనం ఎంత వేడికి మెత్తబడుతుందో పిల్లలకు పాఠం చెప్పగలను. అయినా మే నెలలో స్కూటరుకు తగిలించాను. మూత తీస్తే నా కారు కూలబడి ఉంది. నిటారుగా నిలబెట్టిన టాపు వెనక్కి వాలి, డోరు అంచుల దగ్గరికి దిగిపోయింది. వెనక భాగం కుంగింది. నన్ను నేనే తిట్టుకున్నాను, తరవాత ఎండను, తరవాత ఆ పసుపు పళ్ళాయన్ను. పారేద్దామనుకొని కూడా, చూపించి పారేద్దామని బాబాయ్ ఇంటికి తీసుకెళ్ళాను.

"కరిగిపోయింది బాబాయ్. మళ్ళీ చెయ్యాల. ఊరికే చూడు."

పిన్ని కుండలో నీళ్ళు తెచ్చింది. ఆ చల్లటి నీళ్ళలో ముంచి గట్టిపరిచి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన వేళ్ళు టాపు మీదికి వెళ్ళాయి. ముందు నుంచి వెనక్కి, మళ్ళీ వెనక నుంచి ముందుకు వెళ్ళి, డోరు అంచుకూ టాపుకూ మధ్య సందులో రెండు వేళ్ళు పెట్టి కొలిచి ఆగాయి.

"ఇదేరా" అన్నాడు. "ఇదే. ఇన్నాళ్ళూ దించు దించు అంటే ఇనవు గదా. ఎండ ఇన్నది సూడు."

నా కొలతలు ఎండలో కొట్టుకుపోయాయి. ఆ కూలబడిన బాడీకే ప్లాస్టర్ పోశాను. నా దగ్గర ఉన్న పనిముట్లలో అది పట్టలేదు, మా ఆవిడ ఇడ్లీ పాత్ర తీసుకెళ్ళి అందులో మైనం కరిగించి, అక్రిలిక్ కూరి ఉడకబెట్టాను. ఆ వారం మేము ఇడ్లీలు తినలేదు, ఆమె నాతో సరిగ్గా మాట్లాడనూ లేదు. ప్లాస్టర్ పగలగొడితే బాడీ చిగుళ్ళ రంగులో బయటికి వచ్చింది. చూసి మా ఆవిడకు కోపం పోయి నవ్వొచ్చింది. "పళ్ళు ఊడిన నోరులాగుందండీ" అంది. ఆ నవ్వు మీద ఉన్నప్పుడే సీటు కుట్టిపెట్టమని అడిగాను. సీటు కవర్ల షాపులో తెచ్చిన ఎర్ర రెగ్జిను ముక్కకు, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకొని, చెప్పినట్టే నిలువు గీతలుగా కుట్టింది. లోపల కొబ్బరి పీచు నేను కూరాను. రెడ్ ఆక్సైడు పూసి, మెరుగు పెట్టాలని చేతులు ఎంత పీకినా పెట్టకుండా వదిలేశాను.

ఒక ఆదివారం పొద్దున బాబాయ్ అరుగు మీద కారు పెట్టాం. మా ఆవిడ వచ్చింది. షెడ్డు మూసి కొడుకు వచ్చాడు. నేను టీ కొట్టు ఆయన్ని, అక్కడ కూర్చునే నలుగురినీ పిలిచాను. పిలిచాననటం కన్నా లాక్కొచ్చాననటం నిజం. అందరూ ముందు ఏదో అనబోయి, కారు చూసి దగ్గరికి జరిగారు. ఇంజను మీద ప్రతి గొట్టం, ప్రతి నట్టు, కుడి పక్క చెక్క పలక మీద గోనె మడత, అన్నీ వంగి వంగి చూశారు.

బాబాయ్ చేతులు కడుక్కొని తువ్వాలుతో తుడుచుకున్నాడు. జాలీ తడిమాడు, ఇంజను తడిమాడు, పొగ గొట్టాల వెంబడి వేళ్ళు వెనక చక్రం దాకా పోనిచ్చాడు. తరవాత నోటితో ఇంజను మోత మొదలుపెట్టాడు. మొదట చిన్నగా, గేరు మార్చి కొంచెం ఎక్కువగా, ఇంకో గేరు మార్చి బజారంతా వినపడేలాగా. నేను చేసిన పళ్ళ సెట్టు మధ్యమధ్య టకటకలాడింది. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వాడు.

అప్పుడు టీ కొట్టు ఆయన, "బొమ్మ చానా బాగుంది బాబాయ్, కాదన్ను. గాని బొమ్మ ఉంటే బండి ఉన్నట్టేనా?" అన్నాడు. చెడ్డ మనిషి కాడు, మాట తోస్తే ఆపుకోలేడు. నాకు కోపం తలకెక్కింది. తిట్టటానికి నోరు తెరిచాను గాని ఏం తిట్టాలో తోచలేదు. ఎందుకంటే ఆ మాట నిజం. ఇన్ని రోజులూ చెక్కిన ఇన్ని బోల్టుల్లో ఒక్కటీ సాక్ష్యం చెప్పదు. బాబాయ్ మోత ఆపేశాడు. నవ్వు మొహం మీద నుంచి దిగిపోయింది. కారు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇంక ఈ మనిషి ఎప్పటికీ కారు మాట ఎత్తడని నాకు అనిపించింది, భయం వేసింది.

పిన్ని టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. పళ్ళెం పిట్టగోడ మీద పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకొని, కారు దగ్గర కూర్చుంది. ఇంతవరకు ఆమె దాని వైపు చూసిందే లేదు. ఇప్పుడు వంగి, ఆ సన్న సందులోంచి చూపుడు వేలు లోపలికి పెట్టి, ఎడమ పక్క సీటును నొక్కి చూసింది. ఒకసారి నొక్కి, మళ్ళీ నొక్కింది.

"ఇట్టా మెత్తగా లేదయ్యా ఇది" అంది నాతో. "ఈ మూల కింద స్ప్రింగు తేలి గుచ్చుకునేది. అది పెట్టలేదేంది?"

ఆమె కొడుకు తేరుకొని, "నీకెట్టా తెలుసమ్మా?" అన్నాడు.

"ఎక్కా గనక తెలుసు. కారంపూడి కాడ ఎక్కి, నాగులేరు దాటి, మాచర్ల దాకా పోయి మళ్ళా వచ్చా. అప్పటికింకా నిఖా కాలా. మా నాయనకు తెలిస్తే ఇద్దర్నీ నరికేవాడు. టాపు దించమన్నది కూడా నేనే, బజార్లో ఎవరికీ కనపడకూడదని." టీ కొట్టు ఆయన వైపు తిరిగి, "ఉందయ్యా బండి. ఇంక ఆపండి" అంది. డెబ్బై దాటిన మనిషి చెవుల దాకా ఎర్రబడింది.

నాకు ఒక్కసారిగా అంతా తెలిసింది. ఎవరూ కూర్చోలేదన్న ఆ సీటు, గాలి కొట్టకుండా దించానన్న ఆ టాపు. ఆమె పేరు బయటికి రాకూడదని ఇన్నేళ్ళూ ఈయన అందరిచేతా అబద్ధాలకోరు అనిపించుకున్నాడు. ఒక్క మాట చెబితే నోళ్ళన్నీ మూతపడేవి. అయినా చెప్పలేదు, కళ్ళు పోయి, కొడుకు కూడా నవ్విన రోజున కూడా చెప్పలేదు. నేను మొహం అటు తిప్పుకున్నాను. మా ఆవిడ పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ ఉంది.

బాబాయ్ మాత్రం ఇంకో సంగతి దగ్గరే ఆగిపోయాడు. ఆమె ఉన్న వైపు మొహం తిప్పి, నిజంగా నొచ్చుకొని అడిగాడు.

"గుచ్చుకునేదా? అంత బాగా చేశా గదా. ఆ రోజే చెప్పలేదేందే?"

"చెబితే ఇంక ఎక్కించుకోవేమోనని" అంది పిన్ని.

ఆ సాయంత్రమే క్లిప్పుల తీగ సన్నది ఒకటి చుట్టి, పిన్ని చూపించిన మూలలో, రెగ్జిను కింద కొన తేలేలాగా అతికించాను. గుచ్చుకునేలా ఒక వస్తువు చెయ్యటం నా జన్మలో అదే మొదలు. బాబాయ్ దాని మీద వేలు పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి తీసుకొని, మళ్ళీ పెట్టాడు.